పెరటి చెట్ల పుట్టిళ్ళు

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని సామెత. చరిత్రకు కూడా పనికిరాదని మనవారు అనుకొన్నట్లున్నది. దండయాత్రలూ కోటలూ దానశాసనాలూ పుస్తకాలకెక్కినవి గాని, ఇంటి వెనుక నాలుగు సెంట్ల నేలలో పెరిగే మిరప మొక్క, బొప్పాయి చెట్టు, బంతి మడి ఎక్కడి నుండి వచ్చినవో విచారించినవారు తక్కువ. ముప్పది మూడేండ్లు తెలుగు పండితునిగా పనిచేసిన నేనూ విచారించలేదు. ఉద్యోగ విరమణ తరువాత ఇందుకు పూనుకొనడానికి కారణం, ఒకనాడు తరగతిలో నేను చేసిన పొరపాటు.

సంగతి ఇది. ఎనిమిదవ తరగతిలో పాఠం నడుమ వంటల ప్రసక్తి వచ్చినది. ‘మిరపకాయ ఆదికాలం నుండీ ఆంధ్రుల ప్రాణం. నన్నయగారి నాడు రాజమహేంద్రవరంలో కూడా గోంగూరలో ఎండుమిరపకాయలు వేసి నూరుకొనే ఉంటారు’ అన్నాను. వెనుక వరుసలో ఒక కుర్రవాడు లేచి, ‘మిరపకాయ అమెరికా నుంచి వచ్చిందటండీ మాస్టారూ’ అన్నాడు. తరగతి గొల్లుమన్నది. నేనూ నవ్వి, ‘ఆ మాట గుంటూరు వెళ్ళి చెప్పు, తిరిగి వస్తే చూద్దాం’ అని వానిని కూర్చోబెట్టినాను. ఆ సంవత్సరం వాడు మరల నన్ను ప్రశ్న అడగలేదు.

వాడు చెప్పినదే నిజం.

మిరప జన్మస్థానం అమెరికా ఖండం. మెక్సికో ప్రాంతంలో వేల ఏండ్ల క్రిందటనే దానిని సాగు చేసినారు. 1492లో కొలంబసు మిరియాల దేశాన్ని వెదుకుతూ పడమరగా పోయి, మిరియాలు కానక మిరపను కనుగొన్నాడు. 1498లో వాస్కో ద గామా కాలికట్టు చేరినాడు. 1500లో కబ్రాల్ నౌకలు బ్రెజిల్ తీరాన్ని తాకి, ఆ యాత్రలోనే కాలికట్టుకు వచ్చినవి. 1510లో గోవా పోర్చుగీసుల వశమైనది. అమెరికా తీరానికీ మన తీరానికీ ఇట్లు దారి ఏర్పడినది. నన్నయ 11వ శతాబ్ది వాడు, తిక్కన 13వ శతాబ్ది వాడు, శ్రీనాథుడు సైతం కొలంబసు యాత్రకు ముందటి వాడే. ఈ మహాకవులలో ఎవరి నాలుకకూ మిరపకారం తగిలే అవకాశం లేదు. వారెరిగిన కారం మిరియాలది, అల్లానిది, ఆవాలది.

ఈ సంగతిని మన భాష ఎన్నడూ దాచలేదు. వ్యాకరణం చెప్పిన నాకే వినబడలేదు. సంస్కృత మరీచం మనకు మిరియం. మిరియానికి చుట్టంగా వచ్చినది మిరపకాయ. తమిళంలో మిరియం మిళగు, మిరపకాయ మిళగాయ్. కన్నడంలో మిరియం మెణసు, మిరపకాయ మెణసినకాయి. మూడు భాషలవారూ కొత్త కాయను నోట వేసుకొని, ‘ఇదీ మిరియం వంటిదే’ అనుకొన్నారన్న మాట. స్పెయినువారు సైతం తమ భాషలో మిరియం పేరునే కొంచెం మార్చి మిరపకు పెట్టినారు.

మరి పరదేశపు కాయ ఇంత త్వరగా ఇంటి మనిషి ఎట్లా అయినది? మిరియపు తీగకు పడమటి కనుమల వాన కావాలి, నీడ కావాలి, ప్రాకడానికి చెట్టు కావాలి. కృష్ణా గుంటూరు ఎండలలో అది బ్రతకదు. కనుక మిరియం ఎప్పుడూ కొట్టులో వెలపెట్టి కొనే వస్తువే. మిరప అట్లా కాదు. గుప్పెడు గింజలు చల్లితే కొద్ది నెలలలో కాపుకు వస్తుంది. ఎండబెట్టితే ఏడాది నిలుస్తుంది. పక్షుల నోటికి దాని మంట తెలియదు; అవి పండ్లు తిని గింజలను ఊరంతా వెదజల్లుతవి. డబ్బు లేని ఇంట అంబలిలోకి, జొన్నకూటిలోకి ఒక రుచి దొరికినది. కారం అంగడి నుండి పెరటిలోకి వచ్చినది. పేదవాని విస్తరిని ఇంతగా మార్చిన రాజు మన చరిత్రలో ఎవరున్నారో నాకు తోచడం లేదు.

మిరప ఒక్కటే కాదు. బొప్పాయి, జామ, సీతాఫలం, సపోటా, అనాస, జీడిమామిడి, టమాటా, బంగాళాదుంప, చిలగడదుంప, ఎర్రని తియ్యగుమ్మడి, బంతి – వీటన్నిటి పుట్టిల్లు అమెరికా ఖండమే. వీటికి పేర్లు పెట్టడంలో మనవారు మూడు పద్ధతులు పాటించినట్లు కనబడుతుంది.

మొదటిది, ఇంట ఉన్న పాత చుట్టం పేరు కొత్తవారికి ఇవ్వడం. మిరప అట్టిదే. సీమచింత అట్టిదే, పరాయి సీమ నుండి వచ్చిన చింత అని అర్థం. (ఇంకా లోతుకు పోతే అసలు చింతచెట్టు కూడా ఏ కాలాననో ఆఫ్రికా నుండి వచ్చినదే!) టమాటాను సీమవంగ అనీ, రామములగ అనీ అన్నారు. రెండవది, కొత్తవారి పేరే పలకడం. అనాస బ్రెజిల్ ఆదివాసుల మాట. టమాటా, సపోటా మెక్సికోలోని నాహువాటల్ భాష మాటలు. ఆ భాష ఒకటున్నదని తెలియకుండానే ప్రతి తెలుగు గృహిణీ దానిలో రెండు మాటలు పలుకుతున్నది.

మూడవది అన్నిటికంటె గట్టిది – దేవుని పేరు పెట్టడం. సీతాఫలం, రామాఫలం అని పిలిచిన తరువాత అవి పరదేశపు చెట్లంటే నమ్మేదెవరు? పురావస్తు శాఖ తొలి అధిపతి అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ అంతటివాడే మన ప్రాచీన శిల్పాలలో సీతాఫలాన్ని గుర్తించానని భావించినాడు. అది వేరొక ఫలమై ఉంటుందని తరువాతివారిలో పలువురు ఆక్షేపించినారు. పేరు ఎంత బలమైనదో చూడండి.

ఇక మా అమ్మ సంగతి చెప్పాలి. మాది బందరు ప్రాంతపు పల్లె. మా తాతగారి ఆబ్దికం నాడు అమ్మ తడిబట్టతో, చేత బుట్టతో తెల్లవారకముందే పెరటిలోకి వెళ్ళేది. అరటికాయలు, కాకరకాయలు, పొట్లకాయ కోసేది. కంద, చేమదుంపలు త్రవ్వి తెచ్చేది. దారికి అడ్డంగా ఎర్రగా కాచిన మిరప మొక్కలను చీర తగలకుండా తప్పుకొని నడిచేది. టమాటాల వంక చూచేది కాదు. ఆనాడు వంటలో కారానికి మిరియాలే. బంగాళాదుంప, కాబేజీ గడప దాటి లోనికి రావు. ‘ఎందుకమ్మా?’ అంటే, ‘పెద్దవాళ్ళు ఎరగనివి పెట్టకూడదురా’ అనేది. అది ఆచారమని ఊరుకొన్నాను.

ఇప్పుడు తెలుస్తున్నది, అది చరిత్ర. ఐదు వందల ఏండ్ల నాటి పెరడు ఎట్లా ఉండేదో ఆ ఒక్కనాటి విస్తరి చెబుతున్నది. అందులో కొంత సవరణ చెప్పుకోవలసినదే. మునగ మన దేశపు చెట్టే అయినా ఆనాడు మా ఇంట వండరు, ఉల్లి వెల్లుల్లుల నిషేధానికి కారణం వేరు. అయినా కొత్తగా వచ్చినవాటిని అంత ఖచ్చితంగా వేరు చేసిన గ్రంథం నాకు కనబడలేదు. నేను భాషాప్రవీణ చదివినాను. మా అమ్మ రెండవ తరగతితో బడి మానినది. ఆ కుర్రవాడు చెప్పిన సంగతిని ఆమె ఏటా వండి పెడుతున్నది. నేను తిని లేస్తున్నాను.

పితృదేవతలు ఒప్పుకొనని ఈ అతిథులను దేవతలు మాత్రం ఎన్నడో ఒప్పుకొన్నారు. సంక్రాంతికి గొబ్బెమ్మల తలపై పెట్టే గుమ్మడిపువ్వు, బంతిపువ్వు అమెరికావి. తెలంగాణలో బతుకమ్మను పేర్చేటప్పుడు మన తంగేడు ప్రక్కనే బంతి కూర్చుంటుంది. దసరాకు వాకిట కట్టే దండ సరేసరి. ఇందులో ఒక వింత ఉన్నది. బంతి పుట్టిన మెక్సికోలో ప్రతి సంవత్సరం నవంబరు మొదటి దినాలలో చనిపోయిన పెద్దలను తలచుకొంటారు. వారికి దారి చూపడానికి సమాధి నుండి ఇంటి దాకా పరచేది ఈ బంతిపూలనే. ఇక్కడ మా ఇంట పెద్దల దినాన పనికిరాని మొక్కల దేశంలో, ఒక పువ్వుకు పెద్దలను పిలిచే పనే ఇచ్చినారు!

ఇంతకూ ఏది మనది? వంగ, బీర, పొట్ల, మునగ, మామిడి ఈ నేలను ఎప్పటినుండో ఎరిగినవి. మిరప, బంతి నాలుగైదు వందల ఏండ్ల క్రిందట వచ్చినవి. కాలీఫ్లవరు ఆంగ్లేయుల కాలంలో వచ్చినది. నీరు పోసి, పేరు పెట్టి, పండుగకు పిలిచిన తరువాత వచ్చినవారిని పొమ్మనలేము. కాని ఎక్కడివో మరచిపోవడం వేరు, అడిగినవానిని నవ్వి కూర్చోబెట్టడం వేరు. మొదటిది కాలం చేసిన పని. రెండవది నేను చేసినది. ఆ కుర్రవాడికి ఇప్పుడు యాభై దగ్గర పడి ఉంటుంది. ఎదురుపడితే వానికి చెప్పవలసిన మాట ఇదే – ‘నాయనా, నీవు చెప్పినది ఒప్పు, నేను నవ్వినది తప్పు.’

చదువరులకు ఒక మనవి. మీ ఇంట పెద్దవారుంటే, పెద్దల దినాన ఏవి వండుతారో, ఏవి వండరో ఒకసారి అడిగి వ్రాసి ఉంచండి. ఆ జాబితాలు ఏ శాసనంలోనూ లేవు. అవి ఎరిగినవారు ఒక్కొక్కరుగా వెళ్ళిపోతున్నారు. మా అమ్మను ఇంకొక ప్రశ్న అడిగి ఉండవలసినదని ఇప్పుడు అనిపిస్తున్నది.