వెర్రి అని పేరు పెట్టిన పువ్వు

వలిసెలకి మైదాన ప్రాంతాల్లో ఇంకో పేరుంది, వెర్రినువ్వులు. కన్నడంలోనూ అదే వరస. హుచ్చెళ్లు అంటే పిచ్చినువ్వులు. మనం పండించుకునే నువ్వుల్ని ప్రమాణంగా పెట్టుకుని, అలా లేనిదాన్ని వెర్రిదన్నాం. గీత దాటిన స్త్రీకి లోకం పెట్టే పేర్లు తెలిసిన మనకి ఈ నామకరణం వెనకున్న బుద్ధి కొత్తదేమీ కాదు.

ఆ మొక్క పుట్టిల్లు ఇథియోపియా ఎత్తుభూములు. ఎప్పుడో సముద్రం దాటి వచ్చి తూర్పు కనుమల వాలు నేలల్లో స్థిరపడింది. గింజలో మూడోవంతుకి పైగా నూనే. ఆదివాసీ ఇళ్లలో అది వంటనూనె. సంతకి మోసుకెళితే ఉప్పూ బట్టా. ఓడలెక్కి అమెరికా పెరళ్లలో పిట్టల మేత కూడా అయింది. అక్కడ దాని ఇంగ్లీషు పేరు 'నైజర్' ని జనం నల్లజాతివారిని అవమానించే తిట్టులా పలుకుతున్నారని, 1998లో పక్షిమేత వ్యాపారుల సంఘం అక్షరాలు మార్చి కొత్త పేరుగా ట్రేడ్‌మార్క్ చేయించుకుంది. పేరు మర్యాదగా మారింది గాని, ఆ గింజని ఏ చేతులు తూర్పారబట్టాయన్న ప్రశ్న రాలేదు.

ఇప్పుడు గింజ కంటే పువ్వుకే గిరాకీ. శీతాకాలం మొదలయ్యేసరికి అరకు, పాడేరు దారుల్లో చేలన్నీ పసుపు ఆరబోసినట్టుంటాయి. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడం కోసం 1960లలో వేసిన రైలుమార్గం మీదే 2017లో పర్యాటకుల కోసం అద్దాల బోగీ తగిలించారు. వచ్చినవాళ్లు చేలో దిగి ఫొటోలు తీసుకుంటారు. రైతులు మనిషికింత అని వసూలు చేయడం మొదలుపెట్టారు. ఇది పేరాశ అని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. లెక్క చూడండి. దేశంలో వలిసెల సగటు దిగుబడి హెక్టారుకి 4 క్వింటాళ్ల లోపే. 2025-26కి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి 9,537 రూపాయలు. ఆ ధర పూర్తిగా దక్కిందనుకున్నా హెక్టారు మీద 38 వేలు దాటడం కష్టం. పైగా ఇది తన పుప్పొడితో తాను గింజ కట్టుకోలేని మొక్క. తేనెటీగలు చేనంతా తిరగాలి. చేలోకి దిగిన ప్రతి పాదమూ కొంత పంటని తొక్కేస్తుంది. ఆ రుసుములో నష్టపరిహారం కూడా ఉంది మరి.

అసలు ఆ రుసుము అడిగే హక్కు ఇంకా ఆదివాసీ రైతుకి మిగిలి ఉందంటే, దాని వెనక చట్టం ఉంది. ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకి బదిలీ చేయడం చెల్లదని 1/70 కట్టడి చేసింది. గనుల లీజుల మీద వేసిన సమత కేసులో సుప్రీంకోర్టు 1997లో, ప్రభుత్వం కూడా ఆ భూమిని ప్రైవేటు కంపెనీలకి లీజుకివ్వకూడదంది. ఆ కేసు పుట్టింది బొర్రా పంచాయతీలో. గుహలు చూడటానికి అందరం ఆగే బొర్రాయే! యాత్రా వ్యాసాల్లో గుహలుంటాయి, మంచు ఉంటుంది, ఈ తీర్పు మాత్రం కనపడదు.

అయితే ఆ రైతు ఎవరు? విత్తనం చల్లిన దగ్గర్నుంచి నూర్పు దాకా చేలో స్త్రీ ఉంటుంది. పాత పట్టాలు చాలావరకు మగవాళ్ల పేరు మీదే. 2006 అటవీ హక్కుల చట్టం హక్కుపత్రంలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలంది. అది అటవీ భూములకే. పట్టా చేలకి రాదు. పూల డబ్బు ఎవరి చేతిలో పడుతుందన్నది ఇంకా వెనక ప్రశ్న.

మరో చిక్కు, రోడ్డు పక్క చేనుకే సందర్శకులు. లోపలి ఊళ్లలో పూసిన పువ్వు కూడా అంతే పసుపు, దాన్ని చూసేవాళ్లు లేరు. మారేడుమిల్లిలో అటవీశాఖ వన సంరక్షణ సమితులతో సాముదాయక పర్యాటకం నడిపింది. ఈ చేలకి అలాంటి ఏర్పాటు సొంతంగా చేసుకోవడానికి అటవీశాఖే రానక్కర్లేదు. సంతల నిర్వహణ గ్రామసభదని 1996 పెసా చట్టమే చెప్పింది. చేను గట్టున జరుగుతున్నదీ సంతే. మనిషికెంత తీసుకోవాలి, తేనెటీగల వేళ చేలు ఎప్పుడు మూయాలి, లోపలి ఊళ్లకి ఎంత వాటా, ఇవన్నీ గ్రామసభ తేల్చుకోవచ్చు. తేల్చే రోజున నూర్పు చేసిన ఆడవాళ్లు ముందు వరసలో కూర్చోవాలి.