లైసెన్సు రాజ్

లైసెన్సు రాజ్ అనగా స్వతంత్ర భారతదేశంలో 1951 నుండి 1991 వరకు పరిశ్రమల స్థాపనకు, విస్తరణకు కేంద్ర ప్రభుత్వ అనుమతిని తప్పనిసరి చేసిన వ్యవస్థకు వాడుకలో స్థిరపడిన పేరు. ఇది అధికారిక నామము కాదు, విమర్శకులు పెట్టినది. 'లైసెన్సు-పర్మిట్-కోటా రాజ్' అనే మాటను చక్రవర్తి రాజగోపాలాచారి ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన 1959లో నెలకొల్పిన స్వతంత్ర పార్టీకి తొలి అధ్యక్షుడు ఆచార్య ఎన్.జి.రంగా.

నేపథ్యము

పరిశ్రమల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం 1951లో ఆమోదం పొంది 1952 మే 8 నుండి అమలులోకి వచ్చింది. కొరతగా ఉన్న పెట్టుబడిని, విదేశీ మారకద్రవ్యాన్ని ప్రణాళికల ప్రకారం వినియోగించడం, సంపద కొద్దిమంది చేతుల్లో పోగుపడకుండా చూడడం, వెనుకబడిన ప్రాంతాలకు పరిశ్రమలు రప్పించడం ఈ విధానపు ఉద్దేశాలు. ఉద్దేశాలు సహేతుకమైనవే. అయితే వాటిని నెరవేర్చే భారమంతా దరఖాస్తుల పరిశీలనపై పడింది.

అనుమతి పద్ధతి

కొత్త కర్మాగారానికే కాక, ఉన్న కర్మాగారంలో కొత్త వస్తువు తయారీకి, గణనీయమైన విస్తరణకు, స్థలం మార్పుకు కూడా లైసెన్సు అవసరమయ్యేది. చిన్నతరహా పరిశ్రమలకు మినహాయింపు ఉండేది. దరఖాస్తుపై సాంకేతిక అభివృద్ధి డైరెక్టరేట్ జనరల్, సంబంధిత మంత్రిత్వ శాఖలు, రాష్ట్ర ప్రభుత్వం అభిప్రాయం తెలిపిన తరువాత అది లైసెన్సింగ్ కమిటీ ముందుకు వచ్చేది. కమిటీ అంగీకరించినా మొదట ఇచ్చేది సమ్మతి పత్రమే. యంత్రాల దిగుమతికి, విదేశీ సాంకేతిక ఒప్పందానికి, వాటాల జారీకి మళ్ళీ వేర్వేరు కార్యాలయాల అనుమతులు పొందవలసి ఉండేది. 1970 నుండి, 20 కోట్ల రూపాయల ఆస్తులు గల పెద్ద సంస్థలకు గుత్తాధిపత్య నిరోధక చట్టం క్రింద ఇంకొక అనుమతి తోడయింది. ఈ పరిమితిని 1985లో 100 కోట్లకు పెంచారు.

జాప్యము, ఫలితాలు

ఈ వ్యవస్థలో తిరస్కరణ కన్నా జాప్యమే ఎక్కువ నష్టం కలిగించిందని చెప్పవచ్చు. తిరస్కరించిన దరఖాస్తుకు ఏదో ఒక కారణం చూపుతారు, పునఃపరిశీలన కోరవచ్చు. పెండింగులో ఉన్న దరఖాస్తుకు ఆ అవకాశం కూడా లేదు. ఈలోగా యంత్రాల ధరలు పెరిగేవి, సాంకేతికత పాతబడేది. పెద్ద సంస్థలు ఢిల్లీలో ప్రత్యేకంగా కార్యాలయాలు తెరచి ఫైళ్ళ వెంట మనుషులను తిప్పగలిగాయి. దూరప్రాంతపు కొత్త పారిశ్రామికవేత్తకు అది సాధ్యమయ్యేది కాదు.

ఆర్.కె.హజారీ 1967లో సమర్పించిన నివేదిక మరొక విషయాన్ని బయటపెట్టింది. బిర్లా సంస్థలు పెద్ద సంఖ్యలో దరఖాస్తులు పెట్టి, ఆయా రంగాలలో ఇతరులకు చోటు లేకుండా చేసుకున్నాయని అందులో పేర్కొన్నాడు. సుబిమల్ దత్ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1969లో ఇంచుమించు ఇదే నిర్ధారణకు వచ్చింది. అనగా గుత్తాధిపత్యాన్ని అరికట్టవలసిన పద్ధతి దానికే తోడ్పడింది.

లైసెన్సులో పేర్కొన్న సామర్థ్యానికి మించి ఉత్పత్తి చేయడం నిబంధనలకు విరుద్ధం కావడంతో వస్తువుల కొరత ఏర్పడింది. బజాజ్ స్కూటరుకు ముందుగా డబ్బు కట్టి ఏళ్ళ తరబడి వేచి ఉండడం ఆనాటి మధ్యతరగతి కుటుంబాలకు మామూలు విషయం.

రద్దు

1980లలో కొన్ని సడలింపులు వచ్చాయి. 1991 జూలై 24న ప్రకటించిన నూతన పారిశ్రామిక విధానం 18 పరిశ్రమలకు తప్ప మిగిలిన వాటికి లైసెన్సు అవసరాన్ని తొలగించింది. అప్పటి ప్రధానమంత్రి పి.వి.నరసింహారావు పరిశ్రమల శాఖను కూడా స్వయంగా నిర్వహించేవాడు. రక్షణ సామగ్రి, పేలుడు పదార్థాలు, సిగరెట్లు వంటి కొద్ది పరిశ్రమలకు లైసెన్సు తరువాత కూడా కొనసాగింది.

రాష్ట్రాల అనుమతులు

రద్దయినది కేంద్ర లైసెన్సు మాత్రమే. భూమి, విద్యుత్తు, నీరు, కాలుష్య నియంత్రణ, ఫ్యాక్టరీల శాఖ అనుమతులు రాష్ట్ర స్థాయిలోనే ఉండడం వలన జాప్యం అక్కడికి చేరింది. వీటిని ఒకేచోట ఇచ్చేందుకు ఆంధ్రప్రదేశ్ 2002లో ఏకగవాక్ష అనుమతుల చట్టం చేసింది. తెలంగాణ 2014లో తెచ్చిన టీఎస్-ఐపాస్ చట్టం భారీ పరిశ్రమలకు 15 రోజులు, ఇతర పరిశ్రమలకు గరిష్ఠంగా 30 రోజులు గడువు విధించింది. గడువులోగా అధికారులు నిర్ణయం తెలుపకపోతే అనుమతి లభించినట్లుగానే పరిగణిస్తారు.