టపాలో నడిచిన శాస్త్రం

విక్టోరియా రాణి కాలపు బ్రిటన్‌లో భూగర్భ శాస్త్రానిదీ ఖగోళ శాస్త్రానిదీ వేరువేరు కాపురాలు. జియలాజికల్ సొసైటీ 1807లో, ఆస్ట్రనామికల్ సొసైటీ 1820లో లండన్‌లోనే పుట్టాయి. ఎవరి సభ్యులు వారికి, ఎవరి పత్రిక వారిది. అయినా ఇద్దరినీ ఒకే విధంగా వేధించిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. భూమి వయసెంత? పర్వతాల కింద ఏముంది? ఒకప్పుడు బ్రిటన్‌ని, ఉత్తర యూరప్‌ని మంచు ఎందుకు కప్పేసింది? వీటి మీద అసలైన తర్జనభర్జన సభల్లో కన్నా ఉత్తరాల్లోనే ఎక్కువగా సాగిందనాలి. గణితం అంతగా రాని భూగర్భ శాస్త్రవేత్త నిండు సభలో లేచి కక్ష్యల లెక్క అడగడానికి వెనకాడతాడు. తెలిసినవాడికి ఉత్తరం రాయడానికి ఆ మొహమాటం లేదు.

అయితే 1840కి ముందు ఉత్తరం ఖరీదైన వ్యవహారం. దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యను బట్టి రుసుము ఉండేది, దాన్ని ఎక్కువగా అందుకున్నవాళ్లే చెల్లించేవారు. కాగితం కలిసిరావడానికి నిలువుగా రాసినదాని మీదే అడ్డంగా మళ్లీ రాయడం మామూలు. పార్లమెంటు సభ్యులకు ఉచిత టపా హక్కు ఉండేది కాబట్టి వాళ్ల స్నేహానికి గిరాకీ ఉండేది. రోలండ్ హిల్ 1837లో ప్రచురించిన సంస్కరణ ప్రతిపాదనతో ఈ పద్ధతి మారింది. 1840 జనవరి 10 నుంచి దేశంలో ఎక్కడికైనా అర ఔన్సు ఉత్తరానికి ఒక పెన్నీ, అంతే. అదే ఏడాది మేలో స్టాంపు వచ్చింది. ఆ తర్వాత శాస్త్రవేత్తల ఉత్తరాల రాశి చూస్తే కళ్లు తిరుగుతాయి. ఖగోళ శాస్త్రవేత్త జాన్ హెర్షెల్ రాసినవీ అందుకున్నవీ కలిపి 14 వేలకు పైగా ఉత్తరాలకు పట్టిక తయారైంది. 1835 నుంచి 1881 వరకు గ్రీనిచ్‌లో ఆస్ట్రానమర్ రాయల్‌గా ఉన్న జార్జ్ ఎయిరీ చిన్న కాగితాన్ని కూడా పారేయకుండా దాచినవాడిగా పేరు పడ్డాడు.

ఈ ఉత్తరాల్లో అన్నిటికన్నా పేరున్నది మాత్రం పెన్నీ టపాకు ముందుది. దక్షిణ ఆకాశాన్ని సర్వే చేయడానికి హెర్షెల్ 1834లో గుడ్ హోప్ అగ్రానికి చేరి నాలుగేళ్లు అక్కడే ఉన్నాడు. చార్ల్స్ లయల్ 1830–33 మధ్య మూడు సంపుటాలుగా వెలువరించిన ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ జియాలజీ’ని శ్రద్ధగా చదివి, 1836 ఫిబ్రవరి 20న అతనికి సుదీర్ఘమైన ఉత్తరం రాశాడు. అంతరించిపోయిన జీవజాతుల స్థానంలో కొత్తవి ఎలా వస్తున్నాయన్నది రహస్యాల్లోకెల్లా రహస్యమని అందులో అన్నాడు. దానికీ సహజ కారణాలే ఉండాలని తన అభిప్రాయం చెప్పాడు. మరోచోట పూర్తిగా భౌతికమైన విషయం ఎత్తుకున్నాడు. నదులు తెచ్చిన ఒండ్రు సముద్రం అడుగున పేరుకుంటే ఆ బరువుకి భూమి పైపొర కుంగుతుందనీ, బరువు తగ్గినచోట పైకి లేస్తుందనీ ఊహించాడు.

అప్పట్లో శాస్త్రవేత్త ఉత్తరం పూర్తిగా సొంత విషయం కాదు. చేతులు మారేది, మిత్రుల మధ్య పైకి చదివేవారు, బాగుందనిపిస్తే అచ్చులోకీ ఎక్కేది. ఈ ఉత్తరంలోని భాగాలను గణితజ్ఞుడు చార్ల్స్ బాబేజ్ 1837లో తన పుస్తకం చివర అచ్చు వేశాడు. 1836 జూన్‌లో బీగిల్ ఓడ గుడ్ హోప్ అగ్రంలో ఆగినప్పుడు హెర్షెల్‌ని స్వయంగా కలిసిన చార్ల్స్ డార్విన్, 1859లో ‘ఆరిజిన్ ఆఫ్ స్పీషీస్’ మొదటి పేరాలోనే ఆ ‘రహస్యాల్లోకెల్లా రహస్యం’ మాటను తలచుకున్నాడు. రచయిత పేరు చెప్పకుండా గొప్ప తాత్వికుడొకరు అన్నారని మాత్రమే రాశాడు. జీవశాస్త్రాన్ని మలుపు తిప్పిన పుస్తకం మొదటి వాక్యాల్లో ఉన్నది ఒక ఖగోళ శాస్త్రవేత్త భూగర్భ శాస్త్రవేత్తకు రాసిన మాట.

భూమి పైపొర కుంగడం, లేవడం గురించిన ఊహకు కొలత భారతదేశం నుంచి వచ్చింది. జార్జ్ ఎవరెస్ట్ ఆధ్వర్యంలో సాగిన సర్వేలో ఇప్పటి ఉత్తరప్రదేశ్‌లోని కలియానాకూ, మధ్యప్రదేశ్‌లోని కలియాన్‌పూర్‌కూ మధ్య అక్షాంశాల తేడాను రెండు విధాలుగా కొలిచారు. నేల మీద త్రిభుజాలతో కొలిచినదానికీ నక్షత్రాలను చూసి కొలిచినదానికీ 5.236 కోణ సెకన్ల తేడా వచ్చింది. నేల మీద అది సుమారు 160 మీటర్లు. దారానికి వేలాడే గుండును హిమాలయాలు తమవైపు లాగుతున్నాయని, అందుకే నక్షత్రాల లెక్క తప్పుతోందని అనుమానం. కలకత్తా ఆర్చ్‌డీకన్, గణితజ్ఞుడు అయిన జాన్ హెన్రీ ప్రాట్ పర్వతాల బరువు అంచనా కట్టి లెక్క వేస్తే తేడా 15.885 సెకన్లు ఉండాలని తేలింది. అంటే కనిపించినదానికి మూడు రెట్లు. ఎంతో దక్షిణాన, నిజాం రాజ్యంలో బీదర్ దగ్గరున్న దామర్‌గిద్ద స్టేషన్‌లో కూడా గుండు దాదాపు 7 సెకన్లు పక్కకు జరగాలన్నది ప్రాట్ లెక్క. హిమాలయాలు ఉండవలసినంత బరువు లేవన్నమాట!

ప్రాట్ వ్యాసాన్ని 1854 డిసెంబర్‌లో రాయల్ సొసైటీలో చదివారు. కొద్ది వారాల్లోనే ఎయిరీ జవాబు రాశాడు. నీటి మీద తేలే దుంగల్లో ఎక్కువ ఎత్తు కనిపించేది నీటి కింద కూడా ఎక్కువ లోతుకు ఉంటుంది. పర్వతాలూ అలాగే తేలిక రాతి వేర్లతో కింది బరువైన పదార్థంలో తేలుతున్నాయన్నాడు. ప్రాట్‌కి అది నచ్చలేదు. లోతు అంతటా ఒకటేనని, పర్వతాల కింది రాయి సాంద్రతే తక్కువని తర్వాత వాదించాడు. ఆకాశం చూసే అధికారి, చర్చి అధికారి కలిసి భూగర్భ శాస్త్రానికి ఒక మూల సిద్ధాంతం అందించారు. ఇద్దరిలో ఎవరూ భూగర్భ శాస్త్రవేత్త కారు.

హిమయుగం కథ ఇంతకన్నా రసవత్తరమైనది, ఎందుకంటే దాని కేంద్రంలో ఉన్నవాడు ఏ సంఘానికీ చెందనివాడు. జేమ్స్ క్రాల్ 1821లో స్కాట్లాండ్‌లోని పెర్త్‌షైర్‌లో పుట్టాడు. బడి చదువు కొంచెమే. మరలు బిగించే పని చేశాడు, టీ పొడి అమ్మాడు, మద్యం అమ్మని హోటల్ పెట్టాడు, బీమా ఏజెంటుగా తిరిగాడు. ఏదీ కలిసి రాలేదు. 1859లో గ్లాస్గోలోని ఆండర్సోనియన్ కళాశాల మ్యూజియంలో బంట్రోతుగా చేరాడు. జీతం తక్కువైనా గ్రంథాలయం దగ్గరలో ఉంది, చదువుకునే తీరిక ఉంది. 1864లో ‘ఫిలసాఫికల్ మ్యాగజైన్’లో హిమయుగానికి కారణం గురించి అతని వ్యాసం అచ్చయింది.

భూకక్ష్య ఎప్పుడూ ఒకే ఆకారంలో ఉండదు. దాని ఉత్కేంద్రత, అంటే వృత్తం నుంచి ఎంత సాగిందన్న కొలత, ఇప్పుడు సుమారు 0.017. అది 0.07 దాటగలదని ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త లెవెర్యే సూత్రాలు చెప్పాయి. కక్ష్య బాగా సాగినప్పటికీ ఏడాది మొత్తంలో అందే వేడి పెద్దగా మారదు కాబట్టి, దీనితో హిమయుగం రాదని అంతవరకు కొట్టిపారేశారు. క్రాల్ మరో దారి చూశాడు. సూర్యుడికి దూరంగా ఉన్నప్పుడే చలికాలం వస్తే మంచు ఎక్కువగా పేరుకుంటుంది. ఆ మంచు ఎండను తిప్పికొడుతుంది. గాలుల జోరు మారుతుంది. ఉత్తర అట్లాంటిక్‌కి వేడి మోసుకొచ్చే గల్ఫ్ స్ట్రీమ్ దారి మళ్లుతుంది. దానితో మంచు మరింత పెరుగుతుంది. కారణం చిన్నదే, పర్యవసానాలు ఒకదాన్నొకటి పెంచుకుంటూ పోతాయి.

ఇది లయల్‌ని ఇరకాటంలో పెట్టింది. శీతోష్ణస్థితి మార్పులకు నేల, సముద్రం పంపకమే కారణమని అతను 30 ఏళ్లకు పైగా చెబుతూ వచ్చాడు. క్రాల్ లెక్క తప్పో ఒప్పో తేల్చుకునే గణితం అతనికి లేదు. అందుకని పాత మిత్రుడు హెర్షెల్‌కి రాశాడు. కక్ష్య మార్పుల గురించి 1830లోనే జియలాజికల్ సొసైటీ ముందు వ్యాసం చదివిన హెర్షెల్ ఆ వాదాన్ని తీసిపారేయలేదు. గ్రీనిచ్‌లోని స్టోన్ అనే ఖగోళ శాస్త్రవేత్త చేత లయల్ ఉత్కేంద్రత లెక్కలు కూడా వేయించుకున్నాడు. చివరికి ‘ప్రిన్సిపుల్స్’ పదో ముద్రణలో కక్ష్యకు చోటిచ్చాడు కానీ, పెద్దపీట మాత్రం నేల, సముద్రాలకే ఉంచాడు. హిమయుగాన్ని సుమారు 8 లక్షల ఏళ్ల వెనక్కి నెట్టాడు. క్రాల్ మాత్రం 2,40,000 ఏళ్ల కిందటి నుంచి 80,000 ఏళ్ల కిందటి దాకా అన్నాడు. గెలుపోటముల మాట అలా ఉంచితే, దేశంలో ప్రముఖ భూగర్భ శాస్త్రవేత్త ఒక బంట్రోతు వాదాన్ని పరీక్షించడానికి ఇంత శ్రమ పడడం ఆనాటి సమాజంలో చిన్న విషయం కాదు.

క్రాల్‌కి ఉత్తరాలు రావడం మొదలైంది. 1867లో భూగర్భ శాస్త్రవేత్త ఆర్చిబాల్డ్ గీకీ అతన్ని ఎడిన్‌బరోలో జియలాజికల్ సర్వేలోకి తీసుకున్నాడు. 1876లో రాయల్ సొసైటీ ఫెలో అయ్యాడు. డార్విన్‌తో అతని ఉత్తరాలు కాలం చుట్టూ తిరిగాయి. భూమి చల్లారే వేగాన్ని బట్టి దాని వయసు 2 కోట్ల నుంచి 40 కోట్ల ఏళ్ల మధ్య ఉంటుందని విలియం థామ్సన్ (తర్వాతి లార్డ్ కెల్విన్) 1862లో లెక్క కట్టాడు. పరిణామానికి అది చాలదని డార్విన్ దిగులు. 1869లో క్రాల్‌కి రాస్తూ ఆ దిగులు దాచుకోలేదు. పది లక్షల ఏళ్లంటే ఎంతో కంటికి కట్టించడానికి క్రాల్ ఇచ్చిన ఉదాహరణ డార్విన్‌కి నచ్చింది. 83 అడుగుల 4 అంగుళాల కాగితపు పట్టీ గోడకు అంటిస్తే అందులో అంగుళంలో పదోవంతు ఒక శతాబ్దం. దాన్ని ‘ఆరిజిన్’ తర్వాతి ముద్రణలో చేర్చుకున్నాడు.

టపా గడప సంఘాల గడప కన్నా తక్కువ ఎత్తుది. గణితజ్ఞురాలు మేరీ సోమర్‌విల్ హెర్షెల్‌తో సమానస్థాయిలో గణితం చర్చించింది. ఆమెకు, హెర్షెల్ మేనత్త కరొలైన్ హెర్షెల్‌కి 1835లో ఖగోళ సంఘం గౌరవ సభ్యత్వం మాత్రం ఇచ్చింది. స్త్రీలను పూర్తి సభ్యులుగా తీసుకోవడానికి ఆ సంఘానికి 1916 దాకా, భూగర్భ సంఘానికి 1919 దాకా పట్టింది.

1869 నవంబర్‌లో ఖగోళ శాస్త్రవేత్త నార్మన్ లాకియర్ సంపాదకుడిగా ‘నేచర్’ వారపత్రిక మొదలయ్యాక ఈ సంభాషణలో కొంత భాగం చేతిరాత నుంచి అచ్చులోకి, ఇద్దరి మధ్య నుంచి అందరి ముందుకు వచ్చింది. చార్ల్స్ డార్విన్ కొడుకు, ఖగోళ గణితజ్ఞుడు జార్జ్ డార్విన్ 1879లో చంద్రుడు ఒకప్పుడు భూమి నుంచి విడిపోయిన ముక్కేనని వాదించాడు. కేంబ్రిడ్జ్ దగ్గర పల్లెలో చర్చి నడుపుతూ భూగర్భ శాస్త్రం చేసిన ఆస్మండ్ ఫిషర్, అదే నిజమైతే ఆ గాయం మచ్చ పసిఫిక్ మహాసముద్రమేనని 1882 జనవరిలో ‘నేచర్’కి రాసి పంపాడు. పసిఫిక్ అడుగు రాళ్ల వయసు 20 కోట్ల ఏళ్లకు మించదని, చంద్రుడి వయసు 400 కోట్ల ఏళ్ల పైమాటేనని 20వ శతాబ్దపు కొలతలు తేల్చేదాకా ఆ ఊహ పాఠ్యపుస్తకాల్లో బతికింది.