బిట్రగుంట పెనం, నెల్లూరు ఎద్దు

స్టేకుకు తెలుగులో పేరు లేదు. పులుసు ఉంది, ఇగురు ఉంది, వేపుడు ఉంది, ఎండబెట్టుకున్న తునకలున్నాయి. కానీ అంగుళం మందాన కోసిన మాంసఖండాన్ని పొగలు కక్కే ఇనుప పెనం మీద ఇటు రెండు మూడు నిమిషాలు, అటు రెండు మూడు నిమిషాలు కాల్చి, లోపలి ఎరుపు పోకముందే పళ్ళెంలోకి తీసుకొనే పద్ధతికి మన భాష మాట కట్టలేదు. మతం, ఆచారం అడ్డువచ్చాయని చాలామంది ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అది సగం నిజం. పెద్దకూర తినే తెలుగువారు తరతరాలుగా ఉన్నారు; వారి ఇళ్ళలోనూ స్టేకు పుట్టలేదు గదా! అసలు కారణం పశువు బ్రతికిన బ్రతుకులో ఉందని నా అభిప్రాయం.

మన పల్లెల్లో ఎద్దును తిండి కోసం పెంచలేదు. అది దుక్కి దున్నింది, బండి లాగింది, కపిల తోలింది. పదేళ్ళో పన్నెండేళ్ళో పనిచేసి, ఇక కాడి మోయలేదన్నాకనే కటికవాని దగ్గరకు చేరింది. పనిచేసిన కండలో పోగులను కట్టి ఉంచే కొలాజెన్ వయసుతోపాటు ముదురుతుంది. తడిసెగ మీద గంటల తరబడి ఉడికితే తప్ప అది కరగదు. కాబట్టే గోంగూరో చింతపండో చేర్చి, సన్నని మంట మీద కుండలో మగ్గబెట్టారు. పదార్థాన్ని బాగా ఎరిగినవారి వంట అది. అదే ముక్కను పెనం మీద నాలుగు నిమిషాలు కాల్చి పెడితే చెప్పుతోలు నమిలినట్టుంటుంది. నాలుగు నిమిషాల వంట కావాలంటే, కాడి ఎరుగని లేత పశువు కావాలి.

మా బోగోలు మండలంలో దీనికొక మినహాయింపు ఉండేది. మద్రాసుకూ బెజవాడకూ నడుమ రైలుదారి 1899లో కలిసింది. సుమారు 430 కిలోమీటర్ల ఆ దారికి ఇంచుమించు మధ్యలో ఉంది బిట్రగుంట. ఆవిరి ఇంజనుకు దారిమధ్య బొగ్గు కావాలి, నీళ్ళు కావాలి, బూడిద దులపాలి. వచ్చిన డ్రైవరూ ఫైర్‌మనూ దిగి వేరేవారు ఎక్కాలి. ఆ అవసరమే అక్కడ లోకోషెడ్డునూ, దాని వెంట పెద్ద రైల్వే కాలనీనీ నిలబెట్టింది. బ్రిటిషు కాలంలో డ్రైవర్ల, గార్డుల ఉద్యోగాలలో ఆంగ్లో ఇండియన్లకు ప్రాధాన్యం ఉండేది కనుక వారి కుటుంబాలు ఇక్కడికి చేరాయి. ఒకవైపు కొండ బిట్రగుంట వేంకటేశ్వరస్వామి గుడి, తూర్పున సముద్రపుటొడ్డున జువ్వలదిన్నె చేపలవారు, మధ్యలో ఇంగ్లీషు మాట్లాడే వంటిళ్ళు. చిన్న మండలానికి ఇంతకన్న వైవిధ్యం ఏం కావాలి?

రైల్వే కాలనీల ఆంగ్లో ఇండియన్ వంటిళ్ళ నుంచి మనకు దక్కిన వంటకం పెప్పర్ స్టేకు. బుద్ధి ఇంగ్లండుది, మాంసం మనది, మిరియం మనది. వెన్నెముక కిందుగా ఉండి పెద్దగా శ్రమ ఎరుగని కండను ఇక్కడి కసాయిలు నేటికీ ‘అండర్‌కట్’ అంటారు. వీలైతే దాన్నే తెచ్చుకొనేవారు. ముక్కలను పలుచగా కోసి, కత్తి వీపుతో కొట్టి పోగులు చెదరగొట్టేవారు. ఉప్పు, దంచిన మిరియాలు, కొంచెం వెనిగరు పట్టించి నానబెట్టేవారు. తర్వాత పెనం మీద ఎర్రగా కాల్చి, ఉల్లిపాయ చక్రాలు వేసి, అప్పటికీ మెత్తబడకపోతే కాసిని నీళ్ళు చల్లి మూతపెట్టేవారు. లండన్ వంటవాడు ఆ మూతను చూసి ముఖం చిట్లిస్తాడు. మన పశువును చూస్తే ఆ మూత ఎందుకో అతనికీ బోధపడుతుంది. 1947 తర్వాత వేలాది ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు ఇంగ్లండు, ఆస్ట్రేలియా, కెనడాలకు తరలిపోయినప్పుడు ఈ వంటకమూ వారితో ఓడ ఎక్కింది. 1980 నాటికి ఈ దారికి విద్యుత్తు వచ్చింది. ఆవిరి ఇంజను పోయింది, దానితో లోకోషెడ్డుకూ కాలం చెల్లింది.

మన ఎద్దు అంతకు చాలాముందే ఓడ ఎక్కింది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది. అందుచేత ఒంగోలు గిత్తను పరదేశాల వారు ‘నెల్లూరు’ అన్నారు. 1868లో ఇంగ్లండుకు పోతున్న ఓడ ఒకటి బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో ఆగినప్పుడు అందులోని ఒంగోలు జత అక్కడే అమ్ముడుపోయిందని ఆ దేశంవారు చెప్పుకొంటారు. 1878లో లెమ్‌గ్రూబర్ అనే పశుపోషకుడు హాంబర్గు జంతుశాలలో చూసి మరొక జతను తెప్పించుకున్నాడు. 1960 దశకం మొదట్లో చివరి పెద్ద దిగుమతి జరిగింది. ఆ మందలో వచ్చి వేల సంతానానికి మూలపురుషుడైన ఆబోతు పేరు ‘కర్వాది’. ఒంగోలు దాటగానే, ఇదే రైలుదారి మీద వచ్చే కరవది గ్రామం పేరే అది!

నేడు బ్రెజిల్‌లో ఇరవై కోట్లకు మించిన పశువులలో అత్యధిక భాగం నెలోర్ రక్తానివే. అక్కడ వాటి మెడకు కాడి లేదు. పచ్చిక మేసి, లేతవయసులోనే పెనానికీ నిప్పులకూ చేరతాయి. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడోవంతు హక్కును వేలం వేస్తే, ఆ లెక్కన ఆవు మొత్తం విలువ 40 లక్షల డాలర్లు దాటింది. ఇక్కడ ట్రాక్టరు వచ్చాక రైతుకు గిత్తతో పని తప్పింది. సంక్రాంతి బండలాగుడు పందేలలోనూ, లాం, చదలవాడ పశుక్షేత్రాలలోనూ జాతి నిలుస్తోంది. 1977 నాటి చట్టం గోవధను నిషేధించింది కనుక ఇక్కడ పెనం మీదికి ఎక్కువగా వచ్చేది గేదె మాంసమే. జాతిని కాపాడడానికి తినడమే మార్గమని నేననను. కానీ ‘మన ఒంగోలు జాతి’ అని ఛాతీ విరుచుకొనేటప్పుడు, అక్కడ దాన్ని అంతగా పెంచింది స్టేకు గిరాకీయేనని దాచడం చరిత్రకు న్యాయం కాదు.

ఒక శాస్త్ర విషయం కూడా చెప్పాలి. మూపురమున్న పశువుల కండలో, వధ తర్వాత మాంసాన్ని మెత్తబరిచే ఎంజైములను అడ్డుకొనే కాల్‌పాస్టాటిన్ ఎక్కువ. కండ నడుమ కొవ్వు తక్కువ. అందుకే బ్రెజిల్‌వారు తొడపై భాగంలో మందపు కొవ్వు పొరతో సహా కోసే ‘పికాన్యా’ను మెచ్చుతారు. కండలో లేని కొవ్వును పైనుంచి తెచ్చుకోవడమన్నమాట.

ఇక ఇంటి పెనం. బలమైన సెగ మాంసపు రసాన్ని లోపల బంధిస్తుందని 1847లో జర్మన్ రసాయనవేత్త లీబిగ్ ప్రచారం చేశాడు. తర్వాతి ప్రయోగాలలో అది తప్పని తేలినా, వంటవారి నోట ఇంకా బ్రతికే ఉంది. ఆ గోధుమరంగు పొర రుచి కోసమే తప్ప రసం కోసం కాదు. 1912లో మయ్యార్ అనే ఫ్రెంచివాడు వివరించిన చర్య అది. ముక్క తడిగా ఉంటే సెగంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. కనుక ముందుగా పొడిబట్టతో గట్టిగా అద్దాలి. మన కొవ్వులేని అండర్‌కట్ అయితే పెనం పొగలెత్తాకనే నూనె వేసి, రెండువైపులా చకచకా కాల్చి, ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి, పోగులకు అడ్డంగా కోయాలి. మిరియాలు రోట్లో కచ్చాపచ్చాగా దంచి ఆఖరున చల్లండి; ముందే వేస్తే ఆ సెగకు మాడి చేదెక్కుతాయి.