ఒకే గుమ్మం, ఒకే ధర

లండన్‌లో సెయింట్ జేమ్స్ స్ట్రీట్ 9వ నంబరులో జాన్ లాబ్ అనే బూట్ల దుకాణం ఉంది. కాస్త నడిస్తే జెర్మిన్ స్ట్రీట్ 88లో ఇంకో దుకాణం, దాని పేరూ జాన్ లాబే. మొదటిదాంట్లో తయారు సరుకు దొరకదు. కాలి కొలతలిచ్చి నెలల తరబడి ఆగాలి, వేల పౌండ్లు కట్టాలి. రెండోదాంట్లో జోళ్లు అరల్లో సిద్ధంగా ఉంటాయి, సైజు చెప్తే తీసిస్తారు. అక్కడ కూడా వెయ్యి పౌండ్లకు పైమాటే అనుకోండి. మొదటిది లాబ్ కుటుంబానిది, రెండోది ఫ్రాన్సుకు చెందిన హెర్మెస్ కంపెనీది. ఒకే పేరు మీద ఈ రెండు గుమ్మాలు ఎలా వెలిశాయో తెలుసుకుంటే, ఖరీదైన బూటుకి ధర ఎవరు కడతారో, ఎందుకంత కడతారో కూడా తెలుస్తుంది.

అసలు జాన్ లాబ్ 1829లో ఇంగ్లండు నైరుతి కొసనున్న కార్న్‌వాల్‌లో పుట్టాడు. పల్లెటూరి పిల్లాడు, కాలు అవిటిది. పొలం పనికి అక్కరకు రాడని బూట్ల పని నేర్పించారు. లండన్ వెళ్లి పేరున్న దుకాణంలో పని అడిగితే పొమ్మన్నారట. అక్కణ్ణుంచి ఓడెక్కి ఆస్ట్రేలియా చేరాడు. 1851 తర్వాత అక్కడ బంగారం వేట జోరుగా సాగుతోంది. తవ్వకందార్లకు బంగారం దొరకడం ఒక ఎత్తైతే, దొరికింది దొంగల పాలు కాకుండా చూసుకోవడం ఇంకో ఎత్తు. లాబ్ వాళ్లకోసం మడమ లోపల డొల్ల ఉండే బూటు కుట్టాడు. బంగారపు ముక్కలు అందులో వేసుకుని దర్జాగా నడిచిపోవచ్చు. ఇది ఆ ఇంటివాళ్లు తరతరాలుగా చెప్పుకునే కథ.

డొల్ల మడమ గురించే అందరూ రాస్తారు గానీ, నన్నడిగితే ఆయన అసలు తెలివి ఇంకోచోట ఉంది. 1862లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శనకు సిడ్నీ నుంచి తన బూట్లు పంపాడు. పతకం వచ్చింది. మరుసటి ఏడే వేల్స్ యువరాజుకు బూట్లు కుట్టే అధికార పత్రం చేతికొచ్చింది. 1866లో, తనను పొమ్మన్న ఊళ్లోనే సొంత దుకాణం తెరిచాడు. యువరాజుగారి బూట్లు కుట్టేవాడి దగ్గర బేరమాడే ధైర్యం ఎవరికుంటుంది? ఆ అధికార పత్రంలో డబ్బు మాట లేకపోయినా, ధర పెంచడానికి దాన్ని మించిన కాగితం లేదు.

సెయింట్ జేమ్స్ దుకాణంలో ఈనాటికీ పని జరిగే తీరు అప్పటిదే. వచ్చినాయన మేజోళ్లతో పెద్ద ఖాతా పుస్తకం కాగితం మీద నిలబడతాడు. కొలతలు తీసే మనిషి పాదం చుట్టూ పెన్సిలుతో గీత గీస్తాడు. పాదం మీద ఎత్తు ఎక్కడుంది, బొటనవేలు ఎటు తిరిగింది, ఆనెలు ఎక్కడున్నాయి, అన్నీ రాసుకుంటాడు. ఆ గీతను చూసి ఇంకో మనిషి గట్టి చెక్కను చెక్కి రెండు పాదాల అచ్చులు తీస్తాడు. తోలు కోసేవాడు వేరు, పైతోలు కుట్టేవాడు వేరు, అట్ట బిగించేవాడు వేరు, మెరుగు పెట్టేవాడు వేరు. బూటు ఇంటికి వెళ్తుంది, అచ్చు మాత్రం దుకాణంలోనే ఉండిపోతుంది. నేలమాళిగలో అలాంటివి వేలకు వేలున్నాయి.

అచ్చు ఎవరి దగ్గరుందో రెండో జత కూడా వాళ్ల దగ్గరే కుట్టించుకోవాలి. పక్క దుకాణానికి వెళ్తే కొలతల దగ్గర్నుంచీ మళ్లీ మొదలు. అందుకే ఈ వ్యాపారంలో ఒక్క చోటే అమ్మాలన్న నియమం ఎవరూ కాగితం మీద రాయలేదు, నేలమాళిగే ఆ పని చేసిపెట్టింది. ధర పోల్చి చూడటానికి అలాంటి సరుకే ఇంకోటి బజార్లో ఉండదు. కాకపోతే అప్పట్లో దొరలు అరువు మీద కుట్టించుకునేవారు, తీరిక దొరికినప్పుడు తీర్చేవారు. ఆ ఎదురుచూపు ఖరీదూ ధరలోనే కలిసి ఉండేది.

ఈలోగా అట్లాంటిక్ అవతల యంత్రాలు వచ్చాయి. చేతికుట్టులో లోపలి అట్ట అంచు వెంట కత్తితో తోలు చెక్కి చిన్న గట్టు తీస్తారు. ఆరెతో కన్నం పొడిచి, మైనం పట్టించిన దారాన్ని రెండు వైపుల నుంచీ దూర్చి, రెండు చేతులూ చాచి బలంగా లాగుతారు. దాంతో పైతోలు, వెల్ట్ అనే సన్నటి తోలు పట్టీ, లోపలి అట్ట మూడూ ఒకటవుతాయి. ఒక్కో కుట్టుకూ ఆ లాగుడు తప్పదు. రబ్బరును గట్టిపరచిన గుడ్‌ఇయర్ ఉన్నాడే, ఆయన కొడుకు చార్లెస్ గుడ్‌ఇయర్ జూనియర్ 1870 ప్రాంతంలో ఈ పనిని మిషనుకు అప్పగించాడు. ఇప్పుడు ఆ పద్ధతిలో గట్టు చెక్కే పనే ఉండదు. గుడ్డ పట్టీని అట్టకు జిగురుతో అతికించి, కుట్టు దానికి వేస్తారు. పైనుంచి చూస్తే ఏది చేత్తో వేసిందో, ఏది మిషను వేసిందో చెప్పడం అలవాటున్న కళ్లకే కష్టం.

అయినా అచ్చు మీద తోలును సాగదీసి బిగించే పని మాత్రం చేతుల్లోనే మిగిలింది. ఆ పని చేసేవాళ్లే ఫ్యాక్టరీల్లో రాజులు. మసాచుసెట్స్‌లోని లిన్ పట్టణంలో యాన్ మాట్సెలిగర్ అనే నల్లజాతి కార్మికుడు, దక్షిణ అమెరికాలోని సురినామ్ నుంచి వచ్చినవాడు, ఏళ్ల తరబడి కడుపు మాడ్చుకుని ఆ యంత్రాన్ని తయారుచేశాడు. 1883 మార్చిలో పేటెంటు వచ్చింది. చేత్తో రోజుకు 50 జతలు బిగిస్తే గొప్ప అనుకునే చోట యంత్రం వందల్లో, 700 దాకా బిగించింది. బూటు ధర సగానికి పడిపోయింది. మాట్సెలిగర్ మాత్రం 36 ఏళ్లకే క్షయతో పోయాడు. ఆయన పేటెంటు చివరికి 1899లో పుట్టిన యునైటెడ్ షూ మెషినరీ అనే మహా కంపెనీ చేతికి చేరింది. ఆ కంపెనీ ప్రధాన యంత్రాలను అమ్మేది కాదు, అద్దెకే ఇచ్చేది. వస్తువు వదిలేస్తే ధర మీద పట్టు పోతుందని బూట్లమ్మేవాళ్లకన్నా బూట్ల యంత్రాలవాళ్లకే ముందు తెలిసింది.

విచిత్రం ఏమిటంటే చేతికుట్టు బూటు విలాస వస్తువైంది ఈ యంత్రాల వల్లే. అంతకుముందు అన్ని బూట్లూ చేతికుట్టువే. పక్కవాడి ధర సగమైపోతే, తన ధర తగ్గించుకోలేనివాడు రెండింతల ఖరీదువాడు అవుతాడు. లాబ్ లాంటి దుకాణాలు ఏ మార్పూ లేకుండా ఉన్నచోటే నిలబడి మేడ మీదకు చేరాయి.

అయితే మధ్యలో ఇంకో వర్గం పుట్టింది. ఇంగ్లండులోని నార్తాంప్టన్ పట్టణంలో మంచి తోలుతో, గుడ్‌ఇయర్ కుట్టుతో, చేతి పని కూడా బాగానే కలిపి సైజులవారీగా బూట్లు చేసే ఫ్యాక్టరీలు వచ్చాయి. చర్చ్స్ 1873లో, క్రాకెట్ అండ్ జోన్స్ 1879లో, ఎడ్వర్డ్ గ్రీన్ 1890లో మొదలయ్యాయి. ‘చేతితో చేసినవి’ అని బజార్లో చెలామణీ అయ్యే ఖరీదైన బూట్లలో చాలా వాటి వెల్ట్ కుట్టింది మిషనే. అందులో మోసం ఉందనను గానీ, ఆ మాట రెండు అర్థాలకూ సాగుతుందని కొనేవాళ్లు తెలుసుకోవాలి.

ఇలా సైజులవారీ బూట్లకు నేలమాళిగ కాపలా లేదు. ఒకే మోడలు పది దుకాణాల్లో ఉంటుంది. దుకాణందారు మామూలుగా కొన్న ధర మీద అంతకు అంత వేసుకుని అమ్ముతాడు. 400కు వచ్చిన జత 800 అవుతుంది. అద్దె, దీపాలు, కాలు కొలిచి తొడిగే మనిషి జీతం, ఏడాది చివర మిగిలిపోయే బేసి సైజులు, అన్నీ ఆ పై 400లోంచే రావాలి. ఇప్పుడు ఎదురు వీధిలో ఒకడు జీతగాళ్లు లేకుండా 650కే పెట్టాడనుకోండి. జనం ఇక్కడ తొడిగి చూసుకుని అక్కడ కొంటారు. కొన్నాళ్లకు ఇక్కడి దుకాణం ఆ బ్రాండు పెట్టడం మానేస్తుంది. కంపెనీలు భయపడేది దీనికే. అందుకే ఊరికొక దుకాణానికే సరుకిచ్చి, మేం చెప్పిన ధరకు తగ్గించొద్దని షరతు పెట్టడం అలవాటైంది.

చట్టం ఈ షరతు మీద వందేళ్లు గిలగిల్లాడింది. అమెరికా సుప్రీంకోర్టు 1911లో, డాక్టర్ మైల్స్ అనే మందుల కంపెనీ కేసులో, కనీస అమ్మకం ధర విధించడం చెల్లదని తేల్చేసింది. 1919లో కోల్గేట్ కేసులో చిన్న కిటికీ తెరిచింది: ఒప్పందం పెట్టుకోకూడదు గానీ, ధర తగ్గించేవాడికి సరుకివ్వడం మానుకునే స్వేచ్ఛ కంపెనీకి ఉంది. బ్రిటన్‌లో 1964లో అప్పటి మంత్రి ఎడ్వర్డ్ హీత్ తెచ్చిన చట్టం తయారీదార్ల ధర శాసనాన్ని దాదాపు తుడిచిపెట్టింది.

మళ్లీ కథ మలుపు తిరిగింది తోలు సరుకు దగ్గరే. లీజిన్ అనే అమెరికన్ కంపెనీ ‘బ్రైటన్’ పేరుతో స్త్రీల బెల్టులు, హ్యాండుబ్యాగులు, చెప్పులు అమ్మేది. సూచించిన ధర కన్నా తగ్గించే దుకాణాలకు సరుకివ్వబోమని 1997లో ప్రకటించింది. టెక్సస్‌లో కేస్ క్లాజెట్ అనే చిన్న దుకాణం మొత్తం బ్రైటన్ సరుకు మీద 20 శాతం తగ్గించింది. పక్క దుకాణాలతో పోటీ పడాలంటే తప్పలేదంది. లీజిన్ సరుకు ఆపేసింది. దుకాణం కోర్టుకెక్కింది, కింది కోర్టులో గెలిచింది. 2007 జూన్‌లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో 1911 నాటి తీర్పును కొట్టేసింది. ధర షరతు తప్పో ఒప్పో ప్రతి కేసులోనూ పోటీకి మేలు చేసిందా కీడు చేసిందా అని తూచి చెప్పాలంది. నలుగురు న్యాయమూర్తులు ఒప్పుకోలేదు, వాళ్ల తరఫున జస్టిస్ బ్రేయర్ గట్టిగానే రాశారు. నాకైతే ఆ నలుగురి మాటే సబబనిపిస్తుంది. సేవ బాగుండాలంటే సేవకు డబ్బివ్వవచ్చు, కొనేవాడి చేయి కట్టేయక్కర్లేదు.

ఖరీదైన బూట్లవాళ్లు మాత్రం తీర్పు కోసం ఆగలేదు. అప్పటికే దారి వెతుక్కున్నారు. లాబ్ కుటుంబం 1900 దాటిన తొలి ఏళ్లలో పారిస్‌లో ఒక శాఖ తెరిచింది. 1976లో దాన్ని హెర్మెస్ తీసుకుంది, లండన్ దుకాణం కుటుంబం చేతిలోనే ఉండిపోయింది. 1982లో హెర్మెస్ ఆ పేరుతో తయారు బూట్లు మొదలుపెట్టింది, 1994లో నార్తాంప్టన్‌లో సొంత కర్మాగారం పెట్టింది. పేరు సొంతం, కర్మాగారం సొంతం, వాటికి తోడు సొంత షోరూములు. కంపెనీ తన సరుకు తనే అమ్ముకుంటే ధర షరతు పెట్టాల్సింది ఎవరికి? ఏ చట్టమూ అడ్డురాదు. మధ్యవాడి 400 కూడా ఇంట్లోనే ఉంటుంది. ఆ డబ్బులోంచి జెర్మిన్ స్ట్రీట్ అద్దె కట్టుకోవాలి, అది వేరే సంగతి. బెర్లూటీ అనే బూట్ల కంపెనీ 1993లో విలాస వస్తువుల సంస్థ ఎల్‌వీఎంహెచ్ గూటికి, చర్చ్స్ 1999లో అలాంటిదే అయిన ప్రాడా గూటికి చేరాయి. ఆ పెద్ద సంస్థల బలమంతా సొంత దుకాణాల్లోనే ఉంది.

ఇంటర్నెట్ వచ్చాక పాత తగవే మళ్లీ లేచింది. విలాస బ్రాండు తన డీలర్లను అమెజాన్ లాంటి వేదికల మీద అమ్మొద్దని ఆపవచ్చునని 2017 డిసెంబరులో ఐరోపా న్యాయస్థానం కోటీ అనే అత్తర్ల కంపెనీ కేసులో చెప్పింది. బ్రాండు పరువు కాపాడుకోవడం కూడా సరైన కారణమేనట.

మన దేశంలో ఎమ్మార్పీ పై హద్దే గీస్తుంది. దానికన్నా ఎక్కువకు అమ్మితే తప్పు, తక్కువకు అమ్మడం దుకాణందారు ఇష్టం. ఆ ఇష్టానికి అడ్డుపడే ఒప్పందాలను పోటీ చట్టం, 2002లోని 3(4) సెక్షను కింద విచారిస్తారు. డీలర్లను డిస్కౌంట్లు ఇవ్వకుండా ఆపిందని 2021లో మారుతీ కంపెనీకి పోటీ కమిషను 200 కోట్ల జరిమానా వేసింది కూడా. ఒకే బ్రాండు దుకాణాలకు విదేశీ పెట్టుబడి 2006లో 51 శాతం, 2012లో 100 శాతం దాకా అనుమతి వచ్చింది. విదేశీ పేర్లు సొంత గుమ్మాలతో మన నగరాలకు రావడానికి దారి అదే.

2025 జూన్‌లో మిలాన్ ఫ్యాషన్ ప్రదర్శనలో ప్రాడా మగవాళ్లకు కొల్హాపురి చెప్పుల లాంటివి తొడిగింది, ఎక్కడివో చెప్పలేదు. ఇక్కడ గొడవయ్యాక, వాటి మూలం భారతదేశమని ఒప్పుకుంది. డిసెంబరులో మహారాష్ట్ర, కర్ణాటక ప్రభుత్వాల తోలు పరిశ్రమ సంస్థలు లిడ్‌కామ్, లిడ్‌కర్‌లతో ఒప్పందం చేసుకుంది: ఇక్కడి చేతివృత్తులవాళ్లు 2,000 జతలు చెయ్యాలి, 2026 ఫిబ్రవరి నుంచి ప్రపంచంలో 40 ప్రాడా దుకాణాల్లోనూ ఆ కంపెనీ వెబ్‌సైటులోనూ జత సుమారు 800 యూరోలకు అమ్మాలన్నది అప్పటి ఏర్పాటు. ఆ రెండు సంస్థలే 2019లో కొల్హాపురికి భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నాయి. ఆ గుర్తింపు పేరును కాపాడుతుంది, ఇంకెవరూ ఆ పేరుతో అమ్మకుండా ఆపుతుంది. ఎక్కడ అమ్మాలో, ఎంతకు అమ్మాలో చెప్పే అధికారం దాంట్లో లేదు. అది 40 దుకాణాలున్నవాడి దగ్గరుంది.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తోలు పరిశ్రమకు ప్రభుత్వ సంస్థలున్నాయి. వాటి అధికారులు కొల్హాపురి ఒప్పందం కాగితాలు అడిగి తెప్పించుకోవాలి. అందులో జతకు కుట్టేవాడికి ఎంత ముడుతుంది, 2,000 జతలు అయ్యాక మూడో వెయ్యి ఎవరి గుమ్మంలో అమ్మవచ్చు అన్న రెండు షరతులనూ ముందుగా చదవాలి.