తొలి పెంపుడు పాముకు తగిన వసతి
పుదుచ్చేరిలోని రెడ్డియార్‌పాళయంలో పామును పెంచదలచినవారు పెట్టెకన్నా ముందు చట్టాన్ని చూసుకోవాలి. జెర్రిపోతు, కొండచిలువ వంటి స్వదేశీ సర్పాలను పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఆఫ్రికాకు చెందిన బాల్ పైథాన్ వంటి, సైటిస్ ఒప్పందపు జాబితాలోని విదేశీ జాతులను పొందినవారు 2024 నిబంధనల మేరకు 30 రోజుల్లోగా పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేయించాలి.

ఎదిగిన బాల్ పైథాన్‌కు సుమారు 120 సెంటీమీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు గల పెట్టె కావాలి. పాము ఒంటి వేడిని తానుగా పుట్టించుకోలేదు. చోటు మారుతూ సర్దుకుంటుంది. అందుకే పెట్టెలో ఒక కొస 31-33 డిగ్రీల సెల్సియస్, మరో కొస 25-27 డిగ్రీలు ఉండాలి. దాగే గూడు రెండు వైపులా అవసరం. ఒక్కటే ఉంటే, భయపడిన పాము వేడి సరిపడకున్నా అక్కడే ఉండిపోతుంది.

శీతల దేశాల పుస్తకాలు హీటర్ల గురించే విస్తారంగా చెబుతాయి. సముద్రతీరంలోని పుదుచ్చేరిలో మే నెల చిక్కు వేరు: చల్లని కొసను చల్లగా నిలపడమే కష్టం. గాజు పెట్టెను ఎండ పడే కిటికీ దగ్గర ఉంచరాదు. థర్మోస్టాట్ లేని హీటరు పాము చర్మాన్ని కాల్చగలదు. తేమ 55-70 శాతం చాలు. గాలి ఆడకపోతే శ్వాసకోశ వ్యాధులు సోకుతాయి. నీటి తొట్టి, తాళం పడే మూత తప్పనిసరి. తల దూరేంత సందు దొరికితే పాము బయటపడుతుంది.