ఆరు, ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది: ఏ ముక్క పారేయాలి?

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. తీరిక దొరికినప్పుడు చదవండి.

ఉగాదికి తిరుమణి వెళ్ళినప్పుడు మా అరుగు మీద ఎప్పటిలాగే పేకాట నడుస్తోంది. ఆఫీసు పని మీద అమెరికా వెళ్ళొచ్చిన తమ్ముడొకడు నా పక్కన చేరి, "అన్నా, నాకొక చిక్కు తీర్చు" అన్నాడు. లాస్ వేగాస్‌లో వీడియో పోకర్ అనే మిషన్ ముందు కూర్చున్నాడట. అది అయిదు ముక్కలు వేస్తుంది. మనకు కావలసినవి ఉంచుకుని మిగతావి పారేయాలి. వాటి బదులు ఒక్కసారే కొత్త ముక్కలొస్తాయి. వచ్చిన చేతిని బట్టి, తెర మీద రాసి ఉన్న పట్టిక ప్రకారం డబ్బిస్తుంది. ఎదురుగా మనిషి ఉండడు.

వాడి చేతికి 6, 6, 7, 8, 9 వచ్చాయి. ఒక నిపుణుడి పుస్తకం ఆరుల జత ఉంచుకోమంటుంది. ఇంకో నిపుణుడిది ఒక ఆరు పారేసి 6, 7, 8, 9 వరసను ఉంచుకోమంటుంది. "ఇద్దరూ పేరున్నవాళ్ళే అన్నా. ఎవరిది అబద్ధం?"

ఆ మాట విన్న మా చిన్నాయన ముక్కలు దించకుండానే తీర్పు చెప్పేశాడు: "చేతిలో ఉన్న జతను ఎవడైనా పారేస్తాడేమిరా?" అవతలి చివరి నుంచి ఇంకొకాయన "వరస పడితే ఎంతొస్తాదో చూడాల గదా" అన్నాడు. ఆయనన్న మాటలోనే జవాబుంది. అది నాకు తెలిసింది బెంగళూరు తిరిగొచ్చి లెక్క వేసుకున్నాక.

ఈ మిషన్ల కథ మరీ పాతదేమీ కాదు. 1979లో సై రెడ్ అనే ఆయన కంపెనీ 'డ్రా పోకర్' అనే మిషన్ తెచ్చింది. తర్వాత ఐజీటీ పేరుతో పెద్దదైన కంపెనీ అదే. 52 ముక్కల్లో అయిదేసి చొప్పున తీస్తే 25,98,960 చేతులు వస్తాయి. ఒక్కో చేతిని 32 రకాలుగా ఆడొచ్చు. కాగితం మీద తేలే పని కాదు. ఇంటింటికీ కంప్యూటర్లు వచ్చాకే ఈ లెక్కలు మామూలు ఆటగాళ్ళ దాకా చేరాయి. విమాన, అంతరిక్ష రంగంలో ఇంజినీరుగా పనిచేసిన లెన్నీ ఫ్రోమ్ ఇలాంటి పట్టికలు రాసి పేరు తెచ్చుకున్నాడు. ఆయనలాగే మరికొందరూ రాశారు. అప్పటి నుంచీ ఈ తగాదాలు.

మా తమ్ముడి చేతినే తీసుకుందాం. పందెం 100 రూపాయలు అనుకోండి. 'జాక్స్ ఆర్ బెటర్' అనే రకంలో వరస పడితే పందేనికి 4 రెట్లు, రెండు జతలు పడితే 2 రెట్లు, ఫుల్ హౌస్‌కు 9 రెట్లు. 6, 7, 8, 9 ఉంచుకుంటే మిగిలిన 47 ముక్కల్లో పనికొచ్చేవి ఎనిమిదే: నాలుగు అయిదులు, నాలుగు పదులు. అంటే సగటున చేతికి తిరిగొచ్చేది 68 రూపాయలు. జత ఉంచుకుంటే 82. ఇక్కడ చిన్నాయన గెలిచాడు.

ఇప్పుడు పక్క మిషన్‌కు వెళ్దాం. 'డబుల్ బోనస్' అనే రకంలో వరసకు 5 రెట్లు. రెండు జతలకు మాత్రం ఒక్క రెట్టే, అంటే పందెం తిరిగొస్తుంది, అంతే. ఇందులో అదే చేతికి వరస ఉంచుకుంటే 85 రూపాయలు, జత ఉంచుకుంటే 74. ఇక్కడ రెండో ఆయన గెలిచాడు. ముక్కలు మారలేదు, పట్టిక మారింది. నిపుణులిద్దరూ నిజమే చెప్పారు. మా వాడు ఒక మిషన్ పుస్తకం చదివి ఇంకో మిషన్ ముందు కూర్చున్నాడు.

మన రమ్మీలోనూ ఇదే తంతు. సీక్వెన్సు లేకపోతే మొదటే డ్రాప్ కొట్టమని ఒకడంటాడు, భయపడకుండా ఆడమని ఇంకొకడు. 201 పూల్‌లో మొదటి డ్రాప్‌కు 25. ఎనిమిది సార్లు కొట్టినా 200 దగ్గర బతికే ఉంటాం. 101 పూల్‌లో డ్రాప్‌కు 20. అయిదు సార్లకే 100, ఆరోసారి ఔట్. 201లో పండిపోయినవాడి సలహా విని 101లో కూర్చుంటే మునుగుతాం.

సలహా ఎవరిదైనా మనం లెక్క చూసుకోవాలన్న మాట మనకు కొత్త కాదు. మహాభారతంలో ఋతుపర్ణుడు రథంలో పోతూ పోతూ తాండ్రచెట్టుకు ఎన్ని ఆకులో, ఎన్ని కాయలో చెప్పేస్తాడు. నలుడు ఊరికే నమ్మలేదు. రథం ఆపి, చెట్టు పడగొట్టి లెక్కపెట్టాడు. సరిపోయాకే ఆయన దగ్గర అక్షహృదయం నేర్చుకుని, పోయిన రాజ్యం తిరిగి గెలిచాడు.

పట్టుకోవడం, పారేయడం గురించి మన తెలుగు నేల మీద నడిచిన పెద్ద కేసొకటుంది. 1963 మేలో సికింద్రాబాద్‌లోని క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేశారు. అక్కడ ఆడుతున్నది రమ్మీ. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1967 నవంబరులో తేలింది. తీర్పు రాసింది జస్టిస్ హిదయతుల్లా. పడిన ముక్కల్ని గుర్తుంచుకోవాలి, ఏది ఉంచాలో ఏది వదలాలో తెలియాలి, కాబట్టి రమ్మీలో నేర్పు ఎక్కువని, మూడు ముక్కలాట మాత్రం కేవలం అదృష్టమని ఆయన తేల్చాడు. క్లబ్ వాళ్ళ మీద కేసు నిలవలేదు.

రమ్మీ ఆడేవాళ్ళంతా ఇప్పటికీ ఈ తీర్పునే చూపిస్తారు. కానీ అందులో ఇంకో సగం ఉంది. పందెం కాసి ఆడే ఆట నుంచి ఇంటివాడో క్లబ్బువాడో లాభం తీసుకుంటున్నట్టు రుజువైతే, అది రమ్మీ అయినా నేరం కావచ్చని కోర్టు అప్పుడే చెప్పింది. ఆటలో నేర్పుందా అన్నది ఒక ప్రశ్న. బల్ల మీద నుంచి ఎవరెంత తీసుకుంటున్నారన్నది ఇంకో ప్రశ్న. మనం మొదటి దాని గురించే వాదించుకుంటాం.

ఆ రెండోది నేను డబ్బు పోగొట్టుకున్నాకే నేర్చుకున్నాను. లాక్‌డౌన్ రోజుల్లో ఫోన్‌లో ఒక రమ్మీ యాప్ పెట్టుకున్నాను. నేను అరుగు మీద పెరిగినవాడిని, నాకు ఆట రాదని ఎవరూ అనరు. దొరికిన సలహాలన్నీ చదివాను, చూశాను. నాలుగు నెలల్లో 20 వేలకు పైగా పోయింది. తర్వాత కూర్చుని లెక్క చూసుకుంటే, నేను ఓడినంత మేరకు దాదాపు గెలిచాను కూడా. మిగతాదంతా ప్రతి ఆటకూ యాప్ పట్టుకున్న కమీషన్. వందకు పది పట్టుకునే బల్ల దగ్గర సమానమైన ఆటగాళ్ళు ఎంతసేపు కూర్చున్నా చివరికి అందరి జేబులూ ఖాళీ అవుతాయి.

20 వేలంటే మన ఊళ్ళో ఏమిటో మీకు చెప్పాల్సిన పని లేదు. సోలార్ పార్కుకు భూమి ఇచ్చినప్పుడు ఎకరాకు ఏడాదికి కట్టిన కౌలు 21,000. తిరుమణి, వల్లూరు, బాలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు, ఈ అయిదు ఊళ్ళలో కలిపి దాదాపు 13,000 ఎకరాలు. వానల కోసం ఆకాశం చూసిన ఇళ్ళకు ఏటా చేతికందే డబ్బది. నా నాలుగు నెలల ఆట ఒక ఎకరా ఏడాది కౌలును మింగింది.

చట్టాల కథ మీకు తెలిసిందే. తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో ఆన్‌లైన్ పందేలను ఆపాయి. మన కర్ణాటక 2021లో చట్టం తెస్తే 2022 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసింది. 2025 ఆగస్టులో కేంద్రమే చట్టం చేసింది. నేర్పయినా అదృష్టమైనా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట కూడదంది. అయినా ఫోన్‌కు ఏదో ఒక కొత్త లింకు రాకుండా ఉండదు.

అందుకే మన పిల్లలు "ఈ చేతిని ఎలా ఆడాలి?" అని అడిగితే కసురుకోకండి. కూర్చోబెట్టి, పట్టిక చూపించమనండి, ఆట ఆటకూ ఎంత పట్టుకుంటారో అడగండి. ఆ రెండూ కాగితం మీద రాసి లెక్క వేయించండి. తర్వాతి సమావేశానికి నేను నా నాలుగు నెలల లెక్క కాగితం తెస్తాను. సిగ్గుపడకుండా చూపిస్తాను.

మా చిన్నాయనకు ఫోన్‌లో ఈ లెక్కంతా వివరించాను. అంతా విని, "అయినా జతను పారేయనురా" అన్నాడు. ఆయన ఆడేది అరుగు మీద. అక్కడ పట్టిక రాసేవాడూ లేడు, కమీషన్ తీసేవాడూ లేడు. సరే చిన్నాయనా అన్నాను.